మీ పట్టికలో మజ్జిగ లేదు: జాతీయ పోషకాహార సంస్థకు బహిరంగ లేఖ

జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలకు,
తార్నాక, హైదరాబాద్.

అయ్యా, అమ్మా, నమస్కారం.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికలను ఈసారి సవరించేటప్పుడు అందులో స్ఫింగోలిపిడ్లు అనే కొవ్వులకు ఒక గడి పెట్టండి. ఆ గడి నింపడం మన మజ్జిగతో మొదలుపెట్టండి. జొన్న, మొక్కజొన్నల బూజు మీద మీ సంస్థే ఒకప్పుడు చేసిన మంచి పని ఒకటుంది, దానికీ ఈ కొవ్వులకూ దగ్గరి సంబంధం ఉంది. దాన్ని కూడా మళ్లీ చేతిలోకి తీసుకోండి. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను డాక్టర్ని కాను. కోస్తాలో ఒక పాల డెయిరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. 2017లో మీరు తెచ్చిన పట్టికలు, 528 పదార్థాల వివరాలున్న ఆ పెద్ద పుస్తకం, నా బల్ల మీదే ఉంటుంది. ఆకుకూరల దగ్గర్నుంచి చేపల దాకా దేంట్లో ఏ ఫ్యాటీ యాసిడ్ ఎంతుందో, పాలీఫినాల్స్ ఎన్నున్నాయో అన్నీ దొరుకుతాయి. దేశమంతా తిరిగి శాంపిళ్లు తెచ్చి చేసిన పని అది, వంక పెట్టడానికి మనసొప్పదు. కానీ పాల పదార్థాల దగ్గరికి వచ్చేసరికి గేదె పాలు, ఆవు పాలు, పనీర్, కోవా, ఈ నాలుగే ఉన్నాయి. ఆఖర్న పెరుగన్నం పడకపోతే భోజనం చేసినట్టే అనిపించని జనం మనం. పెరుగూ లేదు, మజ్జిగా లేదు. మీ పాత పుస్తకంలో రెండూ ఉండేవి.

ఈ ఉత్తరాన్ని మీతోపాటు మామూలు జనం కూడా చదువుతారు కాబట్టి స్ఫింగోలిపిడ్లంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి. నూనె, నెయ్యి అని మనం వాడే కొవ్వు గ్లిజరాల్ మీద కట్టిన అణువు. స్ఫింగోలిపిడ్లలో గ్లిజరాల్ బదులు స్ఫింగోసిన్ జాతి అణువు ఉంటుంది. లండన్‌లో స్థిరపడిన జర్మన్ వైద్యుడు థుడికమ్ మెదడులో ఏమేం ఉన్నాయో విడదీస్తూ 1884లో దీనికి పేరు పెట్టాడు. మన ఒంట్లో ప్రతి కణం పొరలోనూ ఇవి ఉంటాయి. నరాల చుట్టూ ఉండే మైలిన్ తొడుగులోనూ, చర్మం పైపొరలోనూ మరీ ఎక్కువ. చర్మం పైపొర కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లే, అవీ ఈ కుటుంబానివే. ఒళ్లు వీటిని సొంతంగా తయారుచేసుకోగలదు, అందుకే విటమిన్లకు చెప్పినట్టు రోజుకు ఇంత తినాలన్న లెక్క వీటికి లేదు. అయినా పాలు, గుడ్లు, మాంసం, సోయా, గోధుమ, వీటన్నిటితో లోపలికి పోతూనే ఉంటాయి. అమెరికావాళ్లు రోజుకు తలా 0.3 నుంచి 0.4 గ్రాముల దాకా తింటారని అక్కడి పరిశోధకులు 1999లో అంచనా కట్టారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో మనిషి ఎంత తింటున్నాడో లెక్కగట్టుకుందామంటే మన పుస్తకంలో గడే లేదు.

పాలలో ఇవి ఎక్కడుంటాయో నాకు బాగా తెలుసు, ఎందుకంటే వాటిని పోగొట్టడం నా ఉద్యోగంలో భాగం. పాలలో కొవ్వు చిన్న చిన్న గోళాలుగా తేలుతుంటుంది. ప్రతి గోళానికీ ఒక పల్చటి పొర. పాలలో ఉండే స్ఫింగోమైలిన్ అనే స్ఫింగోలిపిడ్‌లో ఎక్కువ భాగం ఆ పొరలోనే ఉంటుంది. వెన్న శాతం చూడటానికి మేం చేసే గెర్బర్ పరీక్షలో ముందు బ్యూటిరోమీటర్ అనే గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆ పైన ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోస్తాం. బిరడా బిగించి ఊపితే గొట్టం గుడ్డ లేకుండా పట్టుకోలేనంత వేడెక్కుతుంది, పాలు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. యాసిడ్ ఆ పొరను తినేస్తేనే లోపలి కొవ్వు బయటపడి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక గొట్టం మెడలో పసుపు పట్టీలా నిలుస్తుంది. ఆ పట్టీ ఎంత పొడుగుంటే రైతుకు అంత రేటు. పొరకు లెక్కా లేదు, ధరా లేదు. ఇప్పుడు పాల కేంద్రాల్లో మిషన్లు వచ్చి క్షణాల్లో ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే ఘన పదార్థం) చూపిస్తున్నాయి. పొర సంగతి వాటికీ అక్కర్లేదు.

వ్యాపారానికి అక్కర్లేకపోవచ్చు, మీకు అక్కర్లేదంటే ఎలా? స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రచురించిన పరీక్ష మీకు తెలిసే ఉంటుంది. ఒళ్లు కాస్త బరువైన 57 మందిని రెండు జట్లు చేసి, ఎనిమిది వారాలపాటు రోజూ 40 గ్రాముల పాలకొవ్వు పెట్టారు. ఒక జట్టుకు పొర ఉన్న క్రీమ్ రూపంలో, రెండో జట్టుకు పొర పోయిన బటర్ ఆయిల్ రూపంలో. బటర్ ఆయిలంటే దాదాపు మన నెయ్యే. బటర్ ఆయిల్ తిన్నవాళ్లలో చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, పెరిగింది. క్రీమ్ తిన్నవాళ్లలో పెరగలేదు. కొవ్వు అదే, మోతాదు అదే, తేడా పొరలో ఉంది. ఫ్రాన్స్‌లో లియోన్ పరిశోధకులు 2020లో ఇంకో అడుగు ముందుకేశారు. నెలసరి ఆగిపోయి, బరువెక్కిన 58 మంది మహిళలకు నాలుగు వారాలపాటు క్రీమ్ చీజ్‌లో ఈ పొర కొవ్వులు కలిపి పెట్టారు, కొందరికి రోజుకు 3 గ్రాములు, కొందరికి 5, కొందరికి అసలు లేకుండా. 5 గ్రాములు తిన్నవాళ్లకు ఎల్‌డీఎల్ తగ్గింది. స్ఫింగోమైలిన్ కొలెస్ట్రాల్‌ను పట్టుకుంటే ఓ పట్టాన వదలదు, పైగా అరగడం నెమ్మది, దాంతో పేగు పీల్చుకునే కొలెస్ట్రాల్ తగ్గుతుందని వివరణ. అయితే పొరలో ప్రోటీన్లూ ఉన్నాయి, ఫాస్ఫోలిపిడ్లు అనే ఫాస్ఫరస్ కలిసిన కొవ్వులు ఇతర రకాలవీ ఉన్నాయి. ఘనతంతా స్ఫింగోమైలిన్‌కే కట్టబెట్టలేం. కెనడాలో ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందికి విడిగా స్ఫింగోమైలిన్‌నే రోజుకు ఒక గ్రాము ఇచ్చి చూస్తే కొలెస్ట్రాల్ పీల్చుకోవడంలో తగ్గుదలేమీ కనిపించలేదు.

ఇక మజ్జిగ. అసలు గొడవంతా ఇక్కడే. కెనడాలోనే క్యూబెక్‌లో 34 మందికి నాలుగు వారాలపాటు రోజుకు 45 గ్రాముల బటర్‌మిల్క్ పొడి ఇచ్చారు. మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 3 శాతం తగ్గింది. ఇది వాట్సాప్‌లోకి ఎలా వస్తుందో మీకు వేరే చెప్పాలా? 'మజ్జిగ తాగితే కొలెస్ట్రాల్ మాయం, కెనడా శాస్త్రవేత్తల నిర్ధారణ' అని వస్తుంది. చదివినవాళ్లు రెండు గ్లాసులు ఎక్కువ తాగి మాత్ర మానేస్తారు. కానీ వాళ్ల బటర్‌మిల్క్ వేరు, మన మజ్జిగ వేరు. వాళ్లు పాల నుంచి క్రీమ్ వేరుచేసి ఆ చిక్కటి క్రీమ్‌ను చిలుకుతారు. గోళాలు పగిలి కొవ్వు వెన్నముద్దగా చేరుతుంది, పొరల ముక్కల్లో చాలా భాగం మిగిలిన ద్రవంలోకి దిగుతుంది. క్రీమ్‌లో గోళాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ ద్రవంలో పొర కొవ్వులు పాలకంటే కొన్ని రెట్లు ఎక్కువ. మనం తోడుపెట్టిన పెరుగంతా కవ్వంతో చిలుకుతాం, నీళ్లు కూడా పోస్తాం. వెన్న పోతుంది, పొర మిగులుతుంది, నిజమే. కానీ చిక్కదనం పాలను దాటదు. పట్నాల్లో ఇప్పుడు మజ్జిగంటే పెరుగులో నీళ్లు పోసి గిలక్కొట్టడమే, అందులో వెన్న కూడా ఎక్కడికీ పోదు. ప్యాకెట్ మజ్జిగ టోన్డ్ పాలతో చేస్తే దాని లెక్క మరోటి. ఒకే పేరుతో ఇన్ని పదార్థాలు తాగుతున్నాం.

మోతాదు సంగతి కూడా చూడండి. లియోన్‌లో పెట్టిన 5 గ్రాముల పొర కొవ్వులు పాల నుంచే రావాలంటే పది లీటర్ల పైచిలుకు పాలు తాగాలి. ఎవరి వల్ల అవుతుంది?

కెనడా బటర్‌మిల్క్‌కు నిజంగా దగ్గరగా ఉండేది మన ఇళ్లలో ఒకటుంది. అపార్ట్‌మెంట్లలో చాలామంది పాల మీద మీగడ తీసి ఓ గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో దాస్తారు. వారం, పది రోజులకు గిన్నె నిండాక కాస్త పెరుగు కలిపి, మిక్సీలో వేసి చన్నీళ్లు పోసి తిప్పుతారు. వెన్న ముద్దకట్టి పైకి తేలుతుంది. ఆ ముద్ద తీసి నెయ్యి కాచుకుంటారు. కింద మిగిలిన తెల్లటి నీళ్లు పులిసిపోయాయనో, కాస్త చేదెక్కాయనో సింకులో పారబోస్తారు. అయిదారు లీటర్ల పాల తాలూకు పొరలు చాలావరకు ఆ నీళ్లలోనే ఉన్నాయి. గుండెకు భయపడాల్సిన భాగాన్ని డబ్బాలో భద్రంగా దాచి, పనికొస్తుందేమో అన్న భాగాన్ని కాలవ పాలు చేస్తున్నాం. ఈ నీళ్లు తాగండని నేను చెప్పడం లేదు, అంత పులిసినదాంట్లో సూక్ష్మజీవుల బెడద వేరే ఉంటుంది. కొలవమని మాత్రం అడుగుతున్నాను. అలాగే నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలే గసి, పిల్లలు పంచదార వేసుకుని ఎగబడి తినేది, అందులో ఫాస్ఫోలిపిడ్లు బాగా ఉంటాయని పాల శాస్త్రం చదివిన ప్రతివాడికీ తెలుసు. స్ఫింగోమైలిన్ ఎంతో చూడండి. గేదె పాలదీ ఆవు పాలదీ వేర్వేరుగా చూడండి. గేదె పాలలో గోళాలు పెద్దవి. గోళం పెద్దదైతే అంతే బరువు కొవ్వుకు పట్టే పొర తగ్గుతుంది. మరి గేదె పాలలో కొవ్వే ఎక్కువ కాబట్టి లీటరుకు చివరికి ఎంత తేలుతుందో ముర్రా పాలు తెచ్చి కొలిస్తే తెలుస్తుంది.

ఇక్కడ జనం తికమకపడే చోటు ఒకటుంది, దాన్ని విడదీయడం మీ మాట వల్లే అవుతుంది. రక్తంలో కొన్ని రకాల సెరమైడ్లు ఎక్కువైతే గుండెపోటు ముప్పు ఎక్కువని ఫిన్లాండ్ పరిశోధకులు చూపించారు. అమెరికాలో మేయో క్లినిక్ 2016లోనే ఆ రక్తపరీక్ష మొదలుపెట్టింది. మరోవైపు ఆన్‌లైన్‌లో 'చర్మం మెరవాలంటే సెరమైడ్ క్యాప్సూల్' అని అమ్ముతున్నారు. మా వీధిలో మందుల షాపు కుర్రాడు నన్నే అడిగాడు, ఒకటి గుండెకు చెడ్డదంటారు, ఒకటి మొహానికి మంచిదంటారు, ఏది నమ్మాలి సార్ అని.

రక్తంలో తిరిగే ఆ సెరమైడ్లు చాలావరకు మన కాలేయం తయారుచేసినవి. దానికి ముడిసరుకు పామిటిక్ యాసిడ్, అంటే వెన్నలో, నెయ్యిలో, పామాయిల్‌లో దండిగా ఉండే సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో ఇది 40 శాతం పైమాటే. ఫిన్లాండ్‌లోనే 38 మందికి మూడు వారాలపాటు రోజూ 1000 కేలరీలు అదనంగా పెట్టి చూసి 2018లో ప్రచురించారు. సంతృప్త కొవ్వుగా తిన్నవాళ్ల కాలేయంలో కొవ్వు 55 శాతం పెరిగింది, చక్కెరగా తిన్నవాళ్లలో 33 శాతం, అసంతృప్త కొవ్వుగా తిన్నవాళ్లలో 15 శాతం. రక్తంలో సెరమైడ్లు పెరిగింది మొదటి జట్టుకే. ఇంకా తమాషా ఏమిటంటే, లియోన్ మహిళలు తిన్నది స్ఫింగోమైలిన్ ఉన్న పొర కొవ్వులు, తగ్గినవి వాళ్ల రక్తంలోని సెరమైడ్లు. తిన్న స్ఫింగోలిపిడ్ పేగులో ముక్కలవుతుంది, అది నేరుగా వెళ్లి గుండె నాళాల్లో కూర్చోదు. నిజంగా సెరమైడ్ల భయం ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది బజ్జీల బండి మీది మూకుడు. ఈ నాలుగు వాక్యాలు మీ లెటర్‌హెడ్ మీద తెలుగులో వస్తే ఎంతమందికి టెన్షన్ తగ్గుతుందో!

క్యాప్సూళ్ల మీద ఎక్కువ రాయను. గోధుమ, బియ్యం, కొంజాక్ దుంప నుంచి తీసిన గ్లూకోసిల్‌సెరమైడ్ అనే మొక్కల సెరమైడ్‌తో చర్మంలో తేమ పెరిగిందని జపాన్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ చిన్న చిన్న పరీక్షలున్నాయి. మొక్కల స్ఫింగోసిన్‌ను మన పేగు కణాలు చాలావరకు తిరిగి బయటికే నెట్టేస్తాయని కూడా జపాన్‌వాళ్లే తేల్చారు. రెండోది సీసా మీద ఎవరూ రాయరు.

పసిపిల్లల డబ్బాపాల విషయం మాత్రం తేలిగ్గా వదలలేం. అమెరికాలో ఉన్న మనవాళ్లు 'మెదడుకు మంచిదట' అంటూ పాల పొర కలిపిన ఫార్ములా డబ్బాలు సూట్‌కేసుల్లో తెస్తున్నారు, ఇక్కడి బంధువులు తెప్పించుకుంటున్నారు. శిశు ఆహార ప్రకటనలను 1992 చట్టం కింద మన దేశంలో నిషేధించుకున్నాం, ఫోన్‌లో వచ్చే వీడియోలకు ఆ కట్టు తెలీదు. స్వీడన్ పరీక్షలో ఈ పొర కలిపిన ఫార్ములా తాగిన పిల్లలకు ఏడాది వయసులో తెలివి పరీక్షలో మామూలు ఫార్ములా పిల్లలకంటే 4 పాయింట్లు ఎక్కువొచ్చాయి. వాళ్లకే ఆరున్నరేళ్ల వయసులో మళ్లీ చూస్తే తేడా లేదు. చైనా పరీక్షలో అయిదున్నరేళ్లప్పుడు కూడా తేడా కనిపించింది, కానీ అందులో ల్యాక్టోఫెర్రిన్ అనే పాల ప్రోటీన్ కూడా కలిపారు. ఈ పరుగంతా దేన్ని అందుకోవడానికో ఆ వీడియోల్లో చెప్పరు. తల్లిపాలలోని పొర కొవ్వుల్లో అన్నిటికంటే ఎక్కువుండేది స్ఫింగోమైలినే. తల్లిపాలు పడుతున్న ఇంట్లో ఆ డబ్బాకు పనే లేదు.

చివరిగా జొన్న. 1990ల మధ్యలో కోతల వేళ అకాల వానలకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిని దక్కన్ పల్లెల్లో జనం కడుపునొప్పి, పేగుల్లో గుడగుడ, విరేచనాలతో అవస్థపడ్డారు. మీ శాస్త్రవేత్తలే ఊరూరూ తిరిగి, ఆ గింజలు తెచ్చి పరీక్షించి, కారణం ఫ్యుమోనిసిన్ అనే బూజు విషమని 1997లో ప్రచురించారు. మొక్కజొన్న శాంపిళ్లలో ఒకదాంట్లో కిలోకు 64.7 మిల్లీగ్రాముల దాకా ఉంది. పచ్చి మొక్కజొన్న గింజల్లో 4 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2014లో హద్దు పెట్టింది. ఈ విషం చేసే పని ఏమిటంటే, ఒంట్లో సెరమైడ్ తయారుచేసే ఎంజైమును ఆపేయడం. సగం తయారైన స్ఫింగోలిపిడ్లు పోగుపడతాయి, పూర్తయినవి దొరక్కుండా పోతాయి. గుర్రాల్లో మెదడు కరిగిపోయే జబ్బుకూ, పందుల్లో ఊపిరితిత్తులకు నీరు పట్టడానికీ ఇదే కారణం. గర్భంలో బిడ్డ వెన్నుపాము సరిగ్గా మూసుకోవడానికి కావాల్సిన ఫోలేట్ అనే విటమిన్‌ను కణం లోపలికి తీసుకోవడానికి కూడా పొరలో స్ఫింగోలిపిడ్లు సరిగ్గా ఉండాలి. అమెరికా, మెక్సికో సరిహద్దులో 1990-91లో వెన్నుపాము సరిగ్గా మూసుకోని బిడ్డలు ఎక్కువగా పుట్టినప్పుడు, ఆ తల్లులు తిన్న మొక్కజొన్న రొట్టెల మీద అనుమానం వెళ్లింది ఇందుకే.

రంగుమారిన జొన్నను మార్కెట్ యార్డులో తక్కువ రేటుకు కొంటారు, ఎటూ అమ్ముడుపోనిది రైతు ఇంట్లోనే రొట్టె అవుతుంది. మామూలు వంట వేడికి ఫ్యుమోనిసిన్ పోదు. నల్లబడ్డవి, ముక్కలైనవి ఏరేసి, కడిగితే కొంత తగ్గుతుంది. ఇప్పుడు షుగర్ భయంతో పట్నాలవాళ్లు కూడా జొన్నరొట్టెకు మళ్లారు, గర్భిణులు కూడా తింటున్నారు. తినడం మంచిదే. కానీ వానలో తడిసిన పంట వచ్చిన ఏడాది యార్డుల నుంచి శాంపిళ్లు తీసి, అఫ్లాటాక్సిన్ అనే ఇంకో బూజు విషంతోపాటు ఫ్యుమోనిసిన్ కూడా చూసి, ఫలితం ఆ సీజన్‌లోనే చెప్పే ఏర్పాటు మీరు తప్ప ఎవరు చేస్తారు? ఏళ్లు గడిచాక ఇంగ్లిష్ జర్నల్లో వచ్చే వ్యాసం ఆ ఏడాది రొట్టె తిన్నవాళ్లకు అందదు.

మజ్జిగ శాంపిళ్లకు వచ్చినప్పుడు ఒక మనవి. వేసవిలో రాకండి. గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం మొదటి దాకా ఈనతాయి, పాలు పుష్కలంగా ఉండేది చలికాలంలోనే. వేసవిలో ఒట్టిపోయేవి ఒట్టిపోగా మిగిలినవాటి పాలే దొరుకుతాయి, అవి ఏడాది మొత్తానికి లెక్కకు రావు. సంక్రాంతి ముందు రండి. ఇప్పటికీ కవ్వం వేసి చిలికే ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి, మీగడ దాచి మిక్సీలో తిప్పే ఇళ్లు టౌన్‌లో ఎన్ని కావాలంటే అన్ని. చిలక్కముందు పెరుగు, తీసిన వెన్న, మిగిలిన మజ్జిగ, పోసిన నీళ్ల కొలత, నాలుగూ ఒకే ఇంట్లో ఒకే పూట తీసుకుంటే పొర ఎంత ఎటు పోయిందో లెక్క తేలుతుంది. చిలికే వేళకు ఆ ఇళ్లకు మిమ్మల్ని తీసుకెళ్లే పూచీ నాది. ఐస్ బాక్సులు మాత్రం మీరు తెచ్చుకోండి.

ఇట్లు,
భవదీయుడు,
పాల డెయిరీ ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి,
గుంటూరు జిల్లా.